గుట్ట ఎక్కనన్న బండి

సికింద్రాబాద్ లాలాగూడలో ఒక డ్రైవరు ఉన్నాడు. అతనికి సొంత కారు ఉంది. అది డీజిల్ కారు. అప్పు చేసి కొన్నాడు. నెల నెలా కిస్తీ కట్టాలి. కిస్తీ కట్టాలంటే బండి తిరగాలి. బండి తిరిగితేనే ఇల్లు గడుస్తుంది. పిల్ల బడి ఫీజు కూడా ఆ బండి మీదే.

ఒక ఆదివారం రైల్వే స్టేషన్ దగ్గర బేరం దొరికింది. ఇద్దరు ముసలివాళ్ళు, వాళ్ళ కొడుకు, కోడలు. అనంతగిరి పోవాలన్నారు. వికారాబాద్ పక్కన ఉన్న గుట్టలే అనంతగిరి. మన మూసీ నది పుట్టేది అక్కడే. గుట్ట మీద అనంత పద్మనాభ స్వామి గుడి ఉంది.

చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడన బండి బాగానే పోయింది. వికారాబాద్ దాటింది. గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు బాగానే ఎక్కింది. ఆ తర్వాత దమ్ము తగ్గింది. డ్రైవరు కాలుతో గట్టిగా తొక్కాడు. ఎంత తొక్కినా బండి గుంజలేదు. రెండో గేరు వేశాడు. మొదటి గేరు వేశాడు. ఒక మలుపు దగ్గర బండి ఆగిపోయింది. ఒక్క క్షణం వెనక్కి జారింది. లోపల ముసలమ్మ "దేవుడా!" అని అరిచింది. డ్రైవరు బ్రేకు తొక్కి, చేతి బ్రేకు గుంజాడు. కొడుకు దిగి చక్రం వెనక రాయి పెట్టాడు.

పది నిమిషాలు ఆగారు. మళ్ళీ బండి వేస్తే లేచింది. ఏమీ జరగనట్టు గుట్ట ఎక్కింది!

"ఇదేందిరా బాబూ? ఇంతసేపు మొరాయించి, ఇప్పుడు ఎట్ల ఎక్కింది?" అనుకున్నాడు డ్రైవరు.

మీరు కూడా ఆలోచించండి. బండి ఎందుకు ఆగింది? మళ్ళీ ఎందుకు ఎక్కింది?

సంతకం పెట్టే ముందు

మరునాడు డ్రైవరు బండిని ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడి మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండుసార్లు రేసు ఇచ్చాడు. "ఇంజినులో దమ్ము అయిపోయింది. బోరు పోయింది. ఇంజిను దించాలి. నలభై ఐదు వేలు అవుతుంది" అన్నాడు. ఒక కాగితం ఇచ్చాడు. "దీని మీద సంతకం పెట్టి, సగం పైసలు కట్టు. వారంలో బండి ఇస్తా" అన్నాడు.

డ్రైవరు గుండె జారిపోయింది. నలభై ఐదు వేలు ఎక్కడి నుంచి తేవాలి? వారం రోజులు బండి ఆగితే కిస్తీ ఎట్ల? పైగా వచ్చే శనివారం శ్రీశైలం బేరం ఒప్పుకొని ఉన్నాడు. శ్రీశైలం దారి అంటే నల్లమల అడవి. ఘాట్ రోడ్డు. అక్కడ బండి ఆగితే?

కాగితం జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాడు. భార్య మెడలోని గొలుసు వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది.

"ఆ కాగితం ఇటు తే" అంది. ఆమె ఏడాదిగా సాయంత్రం బడికి పోతోంది. కూడబలుక్కుంటూ చదివింది. "ఇంజిను దించుట, బోరు చేయుట, పిస్టన్లు, రింగులు..." చదివి తల ఎత్తింది.

"ఏమయ్యా, బోరు పోయిందని ఎట్ల తెలిసింది? ఏమన్న కొలిచి చూసిండా?"

"లేదు. రేసు ఇచ్చి చూసిండు."

"రేసు ఇస్తే తెలుస్తదా? బట్ట కోసే ముందు దర్జీ టేపు పెట్టి కొలుస్తడు. ఈయన కొలవకుండానే ఇంజిను కోస్తనంటుండు. సంతకం పెట్టకు. ముందు ఇంకొకరిని అడుగుదాం."

ఆమె మాట సబబుగా తోచింది. రాణిగంజ్ వైపు ఒక గల్లీలో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఆ చుట్టుపక్కల బండ్ల సామాన్ల దుకాణాలు చాలా ఉన్నాయి. అందరూ ఆయనను చాచా అంటారు. నలభై ఏళ్ళుగా చేతికి గ్రీసు అంటిన మనిషి. ఇద్దరూ ఆయన దగ్గరికి పోయారు.

ఇంజినుకు ఏం కావాలి?

చాచా బానెట్ తెరవలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు.

"బేటా, పొయ్యి మండాలంటే ఏం కావాలె?" అని అడిగాడు.

"కట్టెలు కావాలె, గాలి కావాలె, నిప్పు కావాలె" అంది డ్రైవరు భార్య.

"శభాష్! ఇంజిను కూడా పొయ్యే. దానికి డీజిలో పెట్రోలో కావాలె. గాలి కావాలె. నిప్పు కావాలె. ఇంకొకటి కూడా కావాలె. లోపలి గాలిని గట్టిగా బిగించి నొక్కాలె. దాన్నే కంప్రెషన్ అంటరు. ఈ నాలుగూ బాగుంటే ఇంజినుకు దమ్ము ఉంటది. ఒక్కటి తగ్గినా దమ్ము తగ్గుతది."

పెట్రోలు బండిలో నిప్పురవ్వను ప్లగ్గు ఇస్తుంది. డీజిల్ బండికి ఆ ప్లగ్గు లేదు. గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మీరు చూసే ఉంటారు. డీజిల్ ఇంజిను గాలిని అంతకంటే ఎన్నో రెట్లు నొక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో ఇలాంటి ఇంజినును నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజినుకూ, నూనెకూ వచ్చింది.

గుట్ట మీదే ఎందుకు?

"చాచా, ఊళ్ళో బండి మంచిగనే పోతది. గుట్ట మీదనే ఎందుకు ఆగింది?" అని అడిగాడు డ్రైవరు.

ఒక లెక్క చేద్దాం. కారు, అందులోని మనుషులు, సామాను కలిపి 1,400 కిలోలు అనుకోండి. రోడ్డు 100 మీటర్లు పోయేసరికి 10 మీటర్లు పైకి లేస్తుంది అనుకోండి. అంటే పదింట ఒక వంతు ఎక్కుడు. అప్పుడు బండిని వెనక్కి గుంజే బరువు కూడా సుమారు పదింట ఒక వంతు.

1,400 ÷ 10 = 140 కిలోలు.

సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే దాదాపు మూడు సిమెంటు బస్తాలు తాడు కట్టి వెనక్కి వేలాడదీసినట్టు! చదును రోడ్డు మీద ఈ బరువు లేదు. అందుకే చదును మీద ఇంజిను సగం దమ్ముతోనే నడిచిపోతుంది. గుట్ట మీద ఉన్న దమ్మంతా కావాలి. లోపం చిన్నదైతే చదును మీద దాక్కుంటుంది. గుట్ట మీద బయటపడుతుంది.

చాచా ఇంకో మాట చెప్పాడు. "సన్నటి నల్లా కింద బిందె పెడితే నిదానంగా నిండుతది. ఇంటికి సరిపోతది. అదే నల్లాతో తోట పారిద్దామంటే చాలుతదా? చాలదు. నీ బండికి కూడా గుట్ట మీద తోట పారేటంత కావాలె. ఎక్కడనో నల్లా సన్నబడ్డది. అది గాలి నల్లానా, డీజిల్ నల్లానా, అదే కనిపెట్టాలె."

కొండ ఎత్తు వల్ల కూడా దమ్ము తగ్గుతుంది. పైకి పోయిన కొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజినుకు ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు దమ్ము సుమారు పదింట ఒక వంతు తగ్గుతుంది. ఊటీ సముద్ర మట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఆ తేడా బాగా తెలుస్తుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరి దానికంటే మరీ ఎత్తేమీ కాదు. కాబట్టి అనంతగిరిలో బండి ఆగితే గాలి పలచబడిందని అనుకోవద్దు. లోపం బండిలోనే ఉంది.

చాచా అడిగిన ప్రశ్నలు

"ఇప్పుడు నేను అడుగుతా. నువ్వు చెప్పు. అమ్మా, నువ్వు రాయి" అన్నాడు చాచా. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఇలా రాసింది:

1. చదును రోడ్డు మీద – బాగుంది.
2. తార్నాక ఫ్లైఓవర్ మీద – బాగుంది.
3. గుట్ట మీద – రెండు నిమిషాల తర్వాత దమ్ము పోయింది.
4. ఇంజిను చప్పుడు – పెరగలేదు. తగ్గింది.
5. కాలిన వాసన – రాలేదు.
6. పొగ – నల్లది లేదు. నీలిది లేదు.
7. వేడి చూపే ముల్లు – మధ్యలోనే ఉంది.
8. ఏసీ – ఆపినా అంతే.
9. చక్రాలు – వేడి కాలేదు.
10. పది నిమిషాలు ఆగితే – మళ్ళీ ఎక్కింది.
11. డాష్‌బోర్డు మీద – ఇంజిను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది.

"ఈ పదకొండు మాటలు నాకు సగం పని చేసి పెట్టినయి" అన్నాడు చాచా.

ఎలా? ఒక్కొక్కటే చూద్దాం.

బండి చెప్పే గుర్తులు

ఇంజిను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం కదలదు. కాలిన వాసన వస్తుంది. అంటే క్లచ్చు జారుతోంది. ఇంజిను దమ్ము చక్రాలకు చేరడం లేదు. మన డ్రైవరు బండిలో చప్పుడు పెరగలేదు. వాసన రాలేదు. కాబట్టి క్లచ్చు కాదు.

ఒక చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అంటే బ్రేకు పట్టుకొని ఉంది. కొందరు చేతి బ్రేకు పూర్తిగా దించడం మరచిపోతారు. టైర్లలో గాలి తక్కువైనా బండి బరువెక్కుతుంది. ఇవి ఇంజిను లోపాలు కావు. అయినా చూడటానికి దమ్ము పోయినట్టే ఉంటుంది.

వేడి ముల్లు ఎర్ర గీత వైపు పోతుంది. అంటే ఇంజిను కాగుతోంది. నీళ్ళు తగ్గి ఉండొచ్చు. ఫ్యాను తిరగకపోవచ్చు. హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బండి వెంటనే ఆపాలి.

డీజిల్ బండి నల్ల పొగ వదులుతుంది. అంటే డీజిల్ వస్తోంది కానీ దానికి తగిన గాలి రావడం లేదు. గాలి ఫిల్టరు దుమ్ముతో నిండి ఉండొచ్చు. టర్బో గొట్టం పగిలి ఉండొచ్చు. గొట్టం పగిలితే రేసు ఇచ్చినప్పుడు 'సుయ్'మని చప్పుడు కూడా వస్తుంది.

నీలి పొగ వస్తుంది. ఇంజిను ఆయిల్ మాటిమాటికీ తగ్గుతుంది. అంటే ఆయిల్ మండుతోంది. రింగులు, బోరు అరిగి ఉండొచ్చు. ఇది పెద్ద పనే.

పెట్రోలు బండి గుట్ట మీద కుదుపులు కుదుపులుగా పోతుంది. అంటే మిస్సింగ్ ఉంది. ప్లగ్గులు, కాయిల్ చూడాలి. కుదుపులతో పాటు ఇంజిను దీపం మినుకు మినుకుమంటే రేసు తగ్గించాలి. వీలైన చోట బండి ఆపాలి. లేకపోతే సైలెన్సర్ గొట్టంలో ఉండే పొగ శుద్ధి చేసే డబ్బా పాడవుతుంది. ఆ డబ్బా మూసుకుపోయినా పొగ బయటికి పోలేక దమ్ము పోతుంది.

డీజిల్ బండి దమ్ము పోతుంది, పొగ ఉండదు, వేడి ఉండదు, చప్పుడు తగ్గుతుంది, ఆగితే మళ్ళీ ఎక్కుతుంది. అంటే డీజిల్ సరిగా అందడం లేదేమో అని ముందు అనుమానించాలి.

"అందుకనే బండి ఊళ్ళో నడిచింది. ఫ్లైఓవర్ అర నిమిషంలో అయిపోతది. గుట్ట మీద ఎక్కువసేపు తాగాలె. డీజిల్ చాలలే. నువ్వు పది నిమిషాలు ఆగినవ్. ఫిల్టరు గిన్నె మళ్ళీ నిండింది. బండి ఎక్కింది" అన్నాడు చాచా.

"నేను నిన్ననే గాలి ఫిల్టరు దులిపిన చాచా. ఏం తేడా రాలే."

"దులపడం మంచిదే. కానీ నల్ల పొగ లేదు కదా? ముందే పొగ చూస్తే, గాలిది కాదని తెలిసేది. గుర్తు చూసి చెయ్యి పెట్టాలె. చెయ్యి పెట్టి గుర్తు వెతకొద్దు."

అగ్గువది ముందు, ఖరీదైనది వెనక

చాచా కొడుకు ఒక చిన్న యంత్రం తెచ్చాడు. దాన్ని స్టీరింగు కింద తగిలించాడు. ఇప్పటి కార్లలో కంప్యూటరు ఉంటుంది. లోపం వచ్చినప్పుడు అది ఒక నంబరు రాసి పెట్టుకుంటుంది. ఇంజిను పాడు కాకుండా దమ్ము కూడా తగ్గిస్తుంది. ఆ నంబరును చదివే యంత్రమే స్కానరు.

స్కానరు మీద 'డీజిల్ ఒత్తిడి తక్కువ' అని వచ్చింది.

"చూసినవా? అయితే పంపు మార్చాలెనా చాచా?" అని భయపడ్డాడు డ్రైవరు. పంపు ఖరీదు అతనికి తెలుసు.

చాచా నవ్వాడు. "స్కానరు గల్లీ పేరు చెప్తది. ఇంటి నంబరు చెప్పదు. ఒత్తిడి తగ్గటానికి ఫిల్టరు కారణం కావచ్చు. పంపు కావచ్చు. నాజిల్ కావచ్చు. ఒత్తిడి కొలిచే సెన్సరే తప్పు చెప్పవచ్చు. అన్నిటికంటే అగ్గువది ఫిల్టరు. ముందు అది చూద్దాం. అమ్మా, పాత బిల్లులు ఉన్నయా?"

డ్రైవరు భార్య బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో దాచింది. ఒక్కొక్కటే తీసి చదివింది. ఒక బిల్లు దగ్గర ఆగింది.

"ఇదిగో! 'డీజిల్ ఫిల్టరు మార్చినది. మీటరు 62,000' అని ఉంది. దాని తర్వాత ఏ బిల్లులో కూడా డీజిల్ ఫిల్టరు మాట లేదు."

"ఇప్పుడు మీటరు ఎంత ఉంది?"

"1,08,000" అన్నాడు డ్రైవరు.

ఆమె నోటుబుక్కులో తీసివేత చేసింది.

1,08,000 – 62,000 = 46,000 కిలోమీటర్లు.

"ఈ బండి పుస్తకంలో 30,000కు ఒకసారి మార్చాలని ఉంది. 16,000 ఎక్కువ నడిచింది" అన్నాడు చాచా కొడుకు. అన్ని బండ్లకూ ఈ లెక్క ఒకటి కాదు. మీ బండి పుస్తకంలో ఎంత ఉందో చూసుకోండి.

చాచా ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మర విప్పాడు. ఒక గాజు గ్లాసులోకి డీజిల్ పట్టాడు. గ్లాసును కాసేపు కదలకుండా పెట్టాడు. అందరూ వంగి చూశారు. పైన డీజిల్ తేలింది. అడుగున వేలు మందాన నీళ్ళు నిలిచాయి! డీజిల్ కంటే నీళ్ళు బరువు. అందుకే అడుగుకు దిగుతాయి.

పాత ఫిల్టరు కోసి చూపించాడు. లోపలి కాగితం నల్లటి మడ్డితో నిండిపోయింది. "ఇందులో నుంచి ఎట్ల తాగుతది పాపం ఇంజిను?" అన్నాడు.

కొత్త ఫిల్టరు వేశాడు. చేతి పంపు నొక్కి లోపలి గాలి తీశాడు. డీజిల్ గొట్టంలో గాలి ఉంటే ఇంజిను లేవదు. తర్వాత స్కానరు పెట్టి మళ్ళీ చూశాడు. రేసు ఇస్తే ఒత్తిడి సరిగా లేచింది.

"పని అయిపోయిందా చాచా?"

"ఇంకా కాలే. రోగం ఎక్కడ కనిపించిందో అక్కడనే తగ్గినట్టు చూడాలె. నలుగురిని ఎక్కించుకొని ఆ గుట్టకే పోయి రా. అదే గేరు, అదే బరువు. అప్పుడే నమ్ముత."

మరునాడు పొద్దున్నే డ్రైవరు, భార్య, పిల్ల, ఇద్దరు పక్కింటివాళ్ళు అనంతగిరి పోయారు. వికారాబాద్ దాటగానే ఎవరూ మాట్లాడలేదు. అందరూ ఇంజిను చప్పుడే విన్నారు. పోయినసారి ఆగిన మలుపు వచ్చింది. బండి ఆగలేదు. రెండో గేరులో గుంజుకుంటూ పైకి పోయింది. పసుపు దీపం వెలగలేదు. పిల్ల చప్పట్లు కొట్టింది.

లెక్క చూద్దాం

మొదటి షెడ్డు చెప్పింది 45,000 రూపాయలు.
చాచా బిల్లు ఇది: ఫిల్టరు 1,150 రూపాయలు, కూలి 300 రూపాయలు. మొత్తం 1,450 రూపాయలు.
తేడా: 45,000 – 1,450 = 43,550 రూపాయలు.

గొలుసు మెడలోనే ఉంది.

"మొదటాయన మోసం చేసిండా చాచా?" అని అడిగింది డ్రైవరు భార్య.

"మోసమని నేను అనను. కొలవకుండా చెప్పిండు. అది తప్పు. నిజంగా బోరు పోయిన బండ్లు కూడా ఉంటయి. కానీ దానికి కంప్రెషన్ మీటరు ఉంది. ఒక్కొక్క సిలిండరుకు పెట్టి చూస్తే అంకె చెప్తది. అంకె చూపించమని అడగండి. అంకె చూపించినంక సంతకం పెట్టండి."

అప్పటి బండ్లు, ఇప్పటి బండ్లు

చాచా పాత రోజులు గుర్తు చేసుకున్నాడు. ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ ముందు అంబాసిడర్ కార్లు వరసగా నిలబడేవి. వాటిలో తిరుపతికి, శ్రీశైలానికి పోయేవాళ్ళు. తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. రెండో రోడ్డు 1974లో వచ్చింది. ఎండాకాలం కొండ ఎక్కేటప్పుడు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయేది. బండి ఆగిపోయేది. డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసి చల్లార్చేవాళ్ళు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది.

ఆ బండ్లలో కార్బురేటర్ ఉండేది. చెవితో విని స్క్రూ తిప్పి సరిచేసేవాళ్ళు. ఇప్పటి బండ్లలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 బండ్లే అమ్మాలని నియమం వచ్చింది. అలాంటి డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు సైలెన్సర్ గొట్టంలో ఉంటుంది. రోజూ దగ్గర దగ్గర దూరాలే తిరిగితే అది మసితో నిండుతుంది. దీపం వెలుగుతుంది. దమ్ము తగ్గుతుంది. అప్పుడు బండి పుస్తకంలో చెప్పినట్టు పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఒకే వేగంతో నడిపితే ఆ మసి కాలిపోతుంది. బండ్లు మారాయి. కానీ గాలి, నూనె, నిప్పు, బిగింపు మారలేదు. అడిగే ప్రశ్నలూ మారలేదు.

గుట్ట మీద బండి ఆగితే

- మలుపులో ఆపవద్దు. వీలైతే తిన్నగా, వెడల్పుగా ఉన్న చోట ఓరకు ఆపండి.
- చేతి బ్రేకు గుంజండి. ఇంజిను ఆపి, బండిని మొదటి గేరులో ఉంచండి. చక్రాల వెనక రాళ్ళు పెట్టండి. పోయేటప్పుడు ఆ రాళ్ళు రోడ్డు మీద వదలవద్దు.
- నాలుగు దీపాలు మినుకుమనే మీట నొక్కండి. ఎర్ర త్రికోణం బండికి దూరంగా వెనక పెట్టండి.
- అందరినీ దింపండి. బండి వెనక ఎవరినీ నిలబడనివ్వవద్దు.
- వేడి మీద రేడియేటర్ మూత తియ్యవద్దు. కాగిన నీళ్ళు ఎగజిమ్మి ముఖం కాలుతుంది.
- దిగేటప్పుడు న్యూట్రల్ చేయవద్దు. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి. లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టవు.
- జాతీయ రహదారి మీద సాయం కావాలంటే 1033కు ఫోన్ చేయండి. ప్రమాదం జరిగితే 112కు చేయండి. అంబులెన్సుకు 108.

శనివారం వచ్చింది. డ్రైవరు శ్రీశైలం బయలుదేరాడు. బయలుదేరే ముందు నీళ్ళు, ఆయిల్, టైర్ల గాలి చూసుకున్నాడు. నల్లమల అడవి దాటాడు. కృష్ణ వంతెన దాటి మళ్ళీ ఘాట్ ఎక్కాడు. బండి ఎక్కడా మొరాయించలేదు. రాత్రికి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఎక్కింది" అన్నాడు.

"మీటరు ఎంత ఉందో చెప్పు. రాసుకుంట" అంది ఆమె.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బండికి ఒక నోటుబుక్కు ఉంది. ఏ తేదీన ఏం మార్చారో, మీటరు ఎంత ఉందో, ఎంత ఖర్చయిందో అన్నీ అందులో ఉంటాయి. మొదటి పేజీలో ఆమె పెద్ద అక్షరాలతో ఒక మాట రాసింది: 'చూడు. అడుగు. రాయి. తర్వాతే విప్పు.'

కొత్త మాటలు

కంప్రెషన్ – ఇంజిను లోపల గాలిని గట్టిగా నొక్కడం
ఫిల్టరు – మడ్డిని, దుమ్మును ఆపే జల్లెడ
మిస్సింగ్ – ఇంజిను తప్పి తప్పి మండటం
స్కానరు – బండి కంప్యూటరు రాసిన లోపాన్ని చదివే యంత్రం
మొరాయించు – కదలనని మొండికేయు

చెప్పండి

1. ఇంజినుకు కావలసిన నాలుగూ ఏవి?
2. నల్ల పొగ వస్తే ముందు ఏం చూడాలి? నీలి పొగ వస్తే ఏమనుకోవాలి?
3. గ్లాసు అడుగున నీళ్ళు ఎందుకు నిలిచాయి?
4. ఫిల్టరు మార్చిన తర్వాత మళ్ళీ అనంతగిరికే ఎందుకు పొమ్మన్నాడు చాచా?

చేయండి

1. ఒక బండి బరువు మనుషులతో కలిపి 1,800 కిలోలు. పదింట ఒక వంతు ఎక్కుడు మీద దాన్ని వెనక్కి గుంజే బరువు ఎంత?
2. మీ ఇంట్లో స్కూటరు, ఆటో, మోటారు పంపు, కుట్టు మిషను ఏది ఉన్నా దానికి ఒక నోటుబుక్కు పెట్టండి. ఈ రోజు తేదీ వేసి మొదటి వాక్యం రాయండి.